పొలిమేర దాటువారి పత్రములు

ఉత్తరప్రదేశములోని మహారాజ్‌గంజ్ జిల్లాలో సోనౌలి యను చిన్న యూరు గలదు. గోరఖ్‌పురమునుండి ఉత్తరముగా రెండు మూడు గంటల బస్సు ప్రయాణము. అచ్చటి తోరణము దాటినంతనే నేపాళ దేశము. కరీంనగరము, జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల, నిర్మల ప్రాంతములనుండి నాగపురము, జబల్పూరు, ప్రయాగ, కాశీల మీదుగా బస్సులలో యాత్రలు చేయు మనవారు పరదేశమున మొట్టమొదట నడుగిడునది సాధారణముగా నీ తోరణము క్రిందుగనే. కాశికి బోయినవాడు కాటికి బోయినవానితో సమానమని మన పెద్దలనుకొనెడివారు. నేడు పక్షము దినములలో కాశి, గయ, అయోధ్య చూచి, ఖాట్మండులో పశుపతినాథుని సేవించి, సత్తువ గలవారు నూటయెనిమిది దివ్యదేశములలో నొకటియగు ముక్తినాథము వఱకు బోయి క్షేమముగా నిల్లు చేరుచున్నారు. ఇది సంతోషింపదగిన మార్పే. కాని యీ యాత్రలో నొక మెలిక గలదు. దానిని గూర్చియే నేడు వ్రాయుచున్నాము.

జగిత్యాల ప్రాంతమునకు జెందిన అక్కచెల్లెండ్రిద్దరు మాకు తెలిసినవారు. పెద్దామెకు అఱువదిరెండేండ్లు, చిన్నామెకు ఏబదియెనిమిది. ఇరువురును భర్తలను గోల్పోయినవారే. పొదుపు చేసికొన్న సొమ్ముతో వీరొక యాత్రాబస్సులో బయలుదేఱిరి. డబ్బు పుచ్చుకొనునప్పుడు బస్సు గుత్తదారు "ఆధార్ కార్డు తెచ్చుకోండి" అని మాత్రము చెప్పియుండెను. సోనౌలి కడ సరిహద్దు భటులు పాసుపోర్టుగాని ఓటరు కార్డుగాని చూపుమనిరి. పెద్దామె ఓటరు కార్డు ఇంటిలో పెట్టె యడుగున నున్నది. చిన్నామె భర్త మగ్గముల పనికై ముప్పదియేండ్లు భివండీలో కాపురముండెను గనుక, ఆమె పేరు అచ్చటి జాబితాలోనిది. కార్డు ఏమైనదో ఆమెకే తెలియదు. ఇద్దరును ఆధారు చూపిరి. చెల్లదనిరి. తక్కిన బస్సంతయు దాటిపోయెను. వీరు ఇవతల నొక ధర్మశాలలో నైదు దినములు, బస్సు మరలివచ్చునంతవఱకు, వచ్చీరాని ఉర్దూతో కాలక్షేపము చేసిరి. తిరిగివచ్చిన పిమ్మట పెద్దామె మమ్ముజూచి అడిగిన ప్రశ్న యొక్కటే: "అయ్యా, గీ కార్డు బ్యాంకుల నడుస్తది, బియ్యం దుకాణంల నడుస్తది, దవాఖానల నడుస్తది. ఆడ ఎందుకు నడువది?"

ఈ ప్రశ్నను మేము తేలికగా ద్రోసివేయజాలము. ఆమె యడిగినది న్యాయము. పదియేండ్లకు పైగా ప్రభుత్వములు ఈ దేశప్రజలకు నేర్పినదంతయు ఆధారే సర్వమని గదా! వ్రేలిముద్రలు పడక ముసలివారు బియ్యము దుకాణముల ముందు పడిన పాట్లు మన గ్రామములలో నెవ్వరును మఱువలేదు. అంత కష్టపడి సంపాదించిన కార్డు, మోయించిన ప్రభుత్వమే నిలిపిన భటుని యెదుట వ్యర్థమగుటకు కారణమేమి?

కారణము చట్టములోనే యున్నది. గుర్తింపు వేఱు, పౌరసత్వము వేఱు. "ఇతడెవడు?" అనునది మొదటి ప్రశ్న, "ఇతడే దేశపువాడు?" అనునది రెండవది. ఆధారు మొదటి ప్రశ్నకు మాత్రమే సమాధానము చెప్పును. 2016 నాటి ఆధారు చట్టము ప్రకారము దరఖాస్తునకు పూర్వపు పండ్రెండు నెలలలో 182 దినములు ఈ దేశమున నివసించినవాడెవడైనను ఆ సంఖ్యకు అర్హుడు. అతడు విదేశీయుడైనను కావచ్చును. ఆ చట్టమునందలి తొమ్మిదవ విభాగము ఆధారు సంఖ్య పౌరసత్వమునకు గాని స్థిరనివాసమునకు గాని నిదర్శనము గాదని స్పష్టముగా జెప్పుచున్నది. 2025లో బీహారునందు ఓటర్ల జాబితాల సవరణపై వివాదము చెలరేగినప్పుడు, సుప్రీంకోర్టు ఆధారును గుర్తింపునకై స్వీకరింపవలసినదని ఆదేశించుచునే, అది పౌరసత్వ నిదర్శనము కాదని మరల నొక్కిచెప్పెను. ఓటరు కార్డు సంగతి వేఱు. రాజ్యాంగములోని 326వ అధికరణము ఓటుహక్కును భారత పౌరులకే యిచ్చినది. 1993 మొదలు ఎన్నికల సంఘము ఇచ్చుచున్న ఛాయాచిత్రపు కార్డు పౌరసత్వ పత్రము కాకపోయినను, పౌరుల జాబితా యనదగిన దానిలో పేరు గలవానికే లభించును గనుక, పొలిమేరలో దానికి విలువ వచ్చినది. పాసుపోర్టు మాట చెప్పనక్కఱలేదు.

అయినచో నేపాళమునకు అసలు పత్రమేల? తెఱచియుంచిన పొలిమేర గదా యని కొందఱు చదువరులు శంకింపవచ్చును. నిజమే. 1950 జూలై 31వ తేదీన ఖాట్మండులో కుదిరిన శాంతి మైత్రీ సంధి ప్రకారము ఒక దేశపు పౌరులకు రెండవ దేశమున నివాసము, ఆస్తి, వ్యాపారము, సంచారములందు సమానమైన సౌకర్యములు గలవు. వీసా లేదు. నేపాళమునుండి భూమార్గమున స్వదేశమునకు మరలు భారత పౌరునికి పాసుపోర్టు నిర్బంధము లేదు. పాత నియమములందును లేదు, 1920 నాటి పాసుపోర్టు ప్రవేశ చట్టమును, 1946 నాటి విదేశీయుల చట్టమును త్రోసిరాజని 2025 సెప్టెంబరు 1న అమలులోనికి వచ్చిన క్రొత్త వలస, విదేశీయుల చట్టము క్రిందను ఆ మినహాయింపు కొనసాగినది. కాని సంధి యిచ్చిన సౌకర్యము ఆ రెండు దేశముల పౌరులకు మాత్రమే. మూడవ దేశమువానికి గాదు. ఎదుట నిలిచినవాడు సంధికి పాత్రుడా కాడా యని తేల్చుకొనుటకు భటునికి కాగితము కావలెను. తలుపు తెఱచియే యున్నది. ఎవరికొఱకు తెఱచిరో వారమని చూపుకొనవలసిన భారము మాత్రము మనపై బడినది.

ఈ పట్టు బిగియుటకు నొక చరిత్ర గలదు. 1999 డిసెంబరులో ఖాట్మండునుండి ఢిల్లీకి బయలుదేఱిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానమును దుండగులు కాందహారునకు మళ్లించిన పిమ్మట, 2000 సంవత్సరమున ఉభయదేశముల మధ్య విమానయానమునకు గుర్తింపు పత్రములు తప్పనిసరి యయ్యెను. 2001లో సశస్త్ర సీమా బలమునకు ఈ పొలిమేర రక్షణభారము నప్పగించిరి. పొలిమేర పొడవు 1,751 కిలోమీటరులు. ఇరుప్రక్కల గ్రామములవారు దినమునకు పదిమార్లు దాటుదురు. పెండ్లిండ్లు, సంతలు, పొలముపనులు అన్నియు ఆవలివారితోడనే. వారినందఱ నిలిపి కాగితము లడుగుట ఏ బలమునకును సాధ్యము కాదు. కాబట్టి తనిఖీ ఒకనాడుండును, ఒకనాడుండదు. మన ప్రాంతమునుండి ఆధారుతోనే పోయి సుఖముగా వచ్చినవారు వందలమంది యున్నారు, "మాకేమియు కాలేదే!" యని వారు చెప్పుటయే తరువాతివారికి మోసకారియగుచున్నది. కాని ఉత్తరదేశపు పల్లెటూరివానిని నిలుపని భటుడు, దక్షిణాదినుండి నలుబదిమందితో వచ్చిన బస్సును నిలుపును. వేషము వేఱు, భాష వేఱు.

ఇక నియమములు. ఇవి నేపాళమునకు బోవు భారత పౌరులకు సంబంధించినవి. పదునైదేండ్లు దాటి అఱువదియైదేండ్లకు మించనివారు చెల్లుబాటులోనున్న పాసుపోర్టునో, ఎన్నికల సంఘమిచ్చిన ఓటరు కార్డునో వెంటనుంచుకొనవలెను. పదునైదేండ్ల లోపువారికిని, అఱువదియైదేండ్లు పైబడినవారికిని ఈ రెంటిలో నేదియు నక్కఱలేదు. వయస్సును రూపమును దెలుపు ఛాయాచిత్రముగల పత్రమేదైన జాలును. రేషను కార్డు, పాన్ కార్డు, డ్రైవింగు లైసెన్సు మొదలగువానితో బాటు ఈ రెండు వయస్సులవారికి ఆధారును గూడ 2019లో కేంద్ర హోం మంత్రిత్వశాఖ అంగీకరించెను. పదునైదు పదునెనిమిదేండ్ల మధ్యవారు పాఠశాల ప్రధానోపాధ్యాయుడు నిర్ణీత నమూనాలో నిచ్చిన గుర్తింపు పత్రముతో బోవచ్చును. భార్యాభర్తలు, మైనరు బిడ్డలు, తల్లిదండ్రులు కలిసి పోవునప్పుడు ఒక్క పెద్దవానికడ పాసుపోర్టుగాని ఓటరు కార్డుగాని యున్న, తక్కినవారు ఛాయాచిత్రమును బంధుత్వమును జూపు ఇతర పత్రములతో దాటవచ్చును.

చదువరులు గమనింపవలెను: మన అక్కచెల్లెండ్రకు ఈ చివరి వెసులుబాటు గూడ లేకపోయెను. అక్కచెల్లెండ్రు ఆ నియమమునకు 'కుటుంబము' గారు. పెద్దామె మఱి మూడేండ్లు పెద్దదై యుండినచో, చెల్లదన్న ఆ ఆధారు కార్డే యామెను దాటించియుండెడిది. ఇందులో నేమి తర్కమున్నదని మేమును ఆలోచించితిమి. అఱువదినాల్గవ యేట పౌరసత్వమును జూపజాలని కార్డు అఱువదియాఱవ యేట ఎట్లు చూపగలదు? చూపలేదు. అది తర్కము గాదు, దయ. వృద్ధులవలనను బాలురవలనను ప్రమాదము తక్కువయని తలంచి చేసిన సడలింపు. దయను మేము నిందింపము. కాని అది యేబదియెనిమిదేండ్ల వితంతువునకు గూడ వర్తించియుండిన బాగుండెడిదని మా యభిప్రాయము.

జనకపురి చూడగోరువారికి మఱియొక మాట. 2022 ఏప్రిలులో బీహారులోని జయనగరమునుండి జనకపురము మీదుగా కుర్తా వఱకు రైలు నడచుట ప్రారంభమైనది. సీతమ్మ పుట్టినింటికి రైలులో బోవచ్చునన్న వార్త మనవారికి ముచ్చటైనదే. రైలుబండిలోనైనను నియమములవియే, టిక్కెట్టుతో బాటు పత్రము నడుగుదురు. భూటానునకు బోవువారికి ఇంకను గట్టి. ఆఱు నెలల గడువు మిగిలియున్న పాసుపోర్టుగాని ఓటరు కార్డుగాని చూపి, ఫుంట్‌షోలింగులో ప్రవేశానుమతి పత్రము పొందవలెను; బిడ్డలకు జనన ధ్రువపత్రము కావలెను. స్వంత మోటారులో నేపాళము పోవువారు బండి రిజిస్ట్రేషను పత్రమును, లైసెన్సును గొనిపోయి, అచ్చటి సుంకపు కచేరిలో 'భన్సారు' అను అనుమతి చీటి కొనవలెను; ఆ చీటి గడువు దాటి బండి నుంచిన జరిమానా తప్పదు.

కాగితము లేకయే దాటగలిగినవారి అసలు కష్టము దాటునప్పుడు గాదు, మరలునప్పుడు గనబడును. 2015 ఏప్రిలు 25న నేపాళమున భూకంపము వచ్చి ఇంచుమించు తొమ్మిదివేలమంది మృతినొందిరి. దారులు విఱిగిపడెను. 2025 సెప్టెంబరులో ఖాట్మండులో యువకుల ఆందోళన మంటలుగా మారి, పార్లమెంటు భవనము తగులబడి, విమానాశ్రయము మూతబడెను. అప్పుడు అచ్చట చిక్కుకొన్న తెలుగు యాత్రికులను రప్పించుటకు ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ప్రత్యేక విమానమును నడుపవలసివచ్చెను. సామాన్య దినములలో బస్సునందు ఆధారుతో దాటినవాడు అసామాన్య దినమున విమానాశ్రయమునకు పరుగెత్తవలెను. విమానము కడ కన్నుమూసికొను భటుడుండడు. అచ్చట పాసుపోర్టో ఓటరు కార్డో కావలెను. పత్రములు పోగొట్టుకొన్నవారికి ఖాట్మండులోని భారత రాయబార కార్యాలయము ఒక్క మరలు ప్రయాణమునకు మాత్రము పనికివచ్చు అత్యవసర పత్రమును ఇయ్యగలదు. కాని దానికిని తాను భారతీయుడనని ఏదో యొక రీతిని తెలుపుకొనవలసియుండును. ఇంటికడ నెవ్వరైనను కార్డు నకలును సెల్ ఫోనులో బంపగలిగిన ఆ పని గంటలలో జరుగును. లేనియెడల దినములు పట్టును.

మన జిల్లాలవారికి పొలిమేరలు క్రొత్తవి గావు. కాళేశ్వరము కడ ప్రాణహిత గోదావరిలో గలియుచోట నిలిచి చూచిన, ఆవలి యొడ్డు సిరొంచ. 1947 ఆగస్టు 15నుండి 1948 సెప్టెంబరు 17 వఱకు ఆ నది రెండు ప్రభుత్వముల నడుమ నిజమైన హద్దుగా నుండెను. ఈవల నిజాము రాజ్యము, దాని హాలీ సిక్కా, దాని తపాలా బిళ్లలు. ఆవల స్వతంత్ర భారతము. కరోడ్‌గిరీ నాకాలలో మూటలు విప్పి చూచువారే గాని, మనిషి మొగమును కాగితముతో సరిపోల్చి చూచు అలవాటు నాడు లేదు. రజాకార్ల దినములలో రాత్రివేళ హద్దుదాటి చాందా చేరినవారికి తోడు వచ్చినవాని మాటయే పాసుపోర్టు. వంగర వాస్తవ్యులైన పి.వి. నరసింహారావుగారు నాడు చాందా శిబిరమున బనిచేసినవారే. ఆ హద్దు చెరిగిపోయినది. నేడు గోదావరిపై వంతెన మీద బస్సులు పోవుచున్నవి, దాటినట్లే తెలియదు. అదే కాలమున మఱియొక హద్దు బిగిసినది. 1948 జూలైలో పశ్చిమ పాకిస్తానునుండి వచ్చువారికి అనుమతి చీట్లును, 1952 అక్టోబరులో ఉభయదేశముల నడుమ పాసుపోర్టులును వచ్చెను. 2025 ఏప్రిలులో పహల్గామున జరిగిన హత్యల పిమ్మట అట్టారి ద్వారమును మన ప్రభుత్వము మూసివేసెను. ఒకే ఉపఖండమున ఒక పొలిమేర మాసిపోయినది, ఒకటి తెఱచియున్నది, ఒకటి గోడయైనది. కాగితపు విలువ కాగితములో లేదు, ఆయా ప్రభుత్వముల పొత్తులో నున్నది.

యాత్రికుల మాట యటుండ, ఉత్తర తెలంగాణమున పాసుపోర్టు అనగానే జ్ఞప్తికి వచ్చునది గల్ఫు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల ప్రాంతములలో గల్ఫునకు మనిషిని బంపని గ్రామమును వెదకి చూడవలెను. అచ్చట మనవానికి పత్రములు లేకపోవుట గాదు; ఉన్న పత్రము పరులచేతిలో నుండుటయే కష్టము. యజమాని పాసుపోర్టును తన పెట్టెలో బెట్టుకొనుట ఆ దేశములలో చిరకాలముగా నున్న దురాచారము. 1967 నాటి మన పాసుపోర్టుల చట్టములోని పదునేడవ విభాగము ప్రకారము పాసుపోర్టు ఎల్లప్పుడును కేంద్ర ప్రభుత్వపు సొత్తు. దానిని కుదువ బెట్టుకొను హక్కు ఏ యజమానికిని లేదు. కాని ఎడారిలో గొఱ్ఱెలు కాయువాడు ఏ చట్టమును ఎవరికి జదివి వినిపింపగలడు?

ఈ దురాచారపు ఫలితము 1990లో లోకమునకు దెలిసినది. ఆ యేడు ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటులో జొచ్చెను. అచ్చటి భారతీయులు లక్షన్నరకు మించియుండిరి; వారిలో తెలుగువా రెందఱో. విమానాశ్రయము మూతబడెను. ఉన్నది భూమార్గ మొక్కటే: బస్రా, బాగ్దాదుల మీదుగా జోర్డాను పొలిమేర దాటి అమ్మాను. పలువురి పాసుపోర్టులు పాఱిపోయిన యజమానుల పెట్టెలలో నుండిపోయెను. మన రాయబార కార్యాలయమువారు వారికి ప్రయాణ పత్రములు వ్రాసియిచ్చి, బస్సులలో నెక్కించి, ఎడారి గుడారములలో దినములు గడపిన పిమ్మట అమ్మానునుండి ఎయిర్ ఇండియా విమానములలో లక్షకు బైగా జనమును రప్పించిరి. ఆ సమయమున ఒక చీటి ముక్కయే మనిషి ప్రాణము. నేటికిని సౌదీనుండి బహ్రెయినునకు 1986లో తెఱచిన సముద్రపు వంతెన మీదుగా పోగోరు కూలీవానికి పాసుపోర్టు చేతిలో లేనిదే అడుగు పడదు.

నేపాళపు తెఱపి తలుపును గల్ఫునకు దొడ్డిదారిగా వాడుకొను ఏజెంట్లును గలరు. పదవ తరగతి చదువనివారి పాసుపోర్టులకు 1983 నాటి వలస చట్టము క్రింద అనుమతి కావలసిన దేశములు గలవు. ఆ తనిఖీ తప్పించుటకు ఖాట్మండు వఱకు బస్సులో గొనిపోయి విమానమెక్కింతురు. చదువరుల యిండ్లలో గాని కౌలుదారుల యిండ్లలో గాని ఎవ్వరినైనను "నేపాల్ మీదికెల్లి పంపుతం" అని పిలిచిన, అడుగవలసిన ప్రశ్న యొక్కటి గలదు. నేపాళమునుండి మూడవ దేశమునకు బోవు భారతీయునికి ఖాట్మండులోని మన రాయబార కార్యాలయపు నిరభ్యంతర పత్రము ఉండవలెను. ఆ పత్రము ఎవరు తెత్తురు? ఈ ప్రశ్నకు ఏజెంటు తడబడినచో డబ్బు చేతికియ్యగూడదు. 2021 వసంతమున, మహమ్మారి కారణముగా సౌదీకి సూటిదారులు మూతబడినప్పుడు, ప్రభుత్వమే కొంతకాలము ఆ నిరభ్యంతర పత్రమును సడలించెను. ఉద్యోగములు పోవునను భయముతో మనవారు ఖాట్మండు హోటళ్లలో చేరిరి. ఇంతలో నేపాళము ఆ దారిని మూసివేసెను. రెండు ప్రభుత్వముల యాజ్ఞల నడుమ వారి సొమ్ము హోటళ్లపాలయ్యెను.

పట్టణములలోని మఱియొక తరగతివారికి వేఱు చిక్కు. కొడుకులు కోడండ్రు అమెరికాలో నుండగా సెలవులకు వచ్చిన మనుమలను వెంటబెట్టుకొని ముక్తినాథము బయలుదేఱు తాతలు నేడు కరీంనగరమున గొల్లలు. ఆ పిల్లవాడు మన బిడ్డయే. చట్టము దృష్టిలో మాత్రము అమెరికా పౌరుడు. అతనికడ 2005నుండి ఇచ్చుచున్న విదేశీ భారత పౌరసత్వపు కార్డున్నను, పేరులో పౌరసత్వమున్నంత మాత్రమున అతడు భారత పౌరుడు గాడు; 1950 సంధి అతనికి వర్తింపదు. అతనికి నేపాళ వీసా కావలెను. పోవునప్పుడు సోనౌలిలోని మన వలస కచేరిలో నిర్గమన ముద్ర, ఆవల నేపాళ కచేరిలో ప్రవేశ ముద్ర వేయించుకొనవలెను; మరలునప్పుడు అమెరికా పాసుపోర్టును ఆ కార్డును రెండును జూపవలెను. ఆ కచేరి బజారు నడుమ నొక మామూలు కట్టడము. తాతతో బాటు గుంపులో నడచి, దానిని చూడకయే ఆవలికి బోవుట మిక్కిలి సులభము. ముద్ర లేక దాటిన విదేశీయుని పిమ్మట ఏమని పిలుతురో చెప్పనక్కఱలేదు.

పేర్ల విషయము గూడ కొంత చెప్పవలెను. మనలో ఇంటిపేరు ముందు; ఉత్తరాదివారికి వెనుక. ఒక కార్డులో ఇంటిపేరు పొడియక్షరముగా, ఒకదానిలో పూర్తిగా, మఱియొకదానిలో అసలే లేకయు నుండుట మన యింటింటి కథ. సత్తయ్య యొకచోట సత్యనారాయణ యగును. పెండ్లియైన స్త్రీకి ఒక కార్డులో తండ్రి పేరు, ఒకదానిలో భర్త పేరు. మన ఓటరు కార్డులపై తెలుగుతో బాటు ఇంగ్లీషు గూడ నుండును గనుక ఆవలివారు చదువగలరు. కాని రెండు కార్డులు రెండు పేర్లు చెప్పినప్పుడు భటుడు దేనిని నమ్మును? 2014కు ముందిచ్చిన కార్డులపై ఆంధ్రప్రదేశ మనియు, 2016 అక్టోబరులో జిల్లాలు చీలక పూర్వపు కార్డులపై జగిత్యాల వానికి కరీంనగరము జిల్లా, మంచిర్యాల వానికి ఆదిలాబాదు జిల్లా యనియు నుండును. అంతమాత్రమున అవి చెల్లకపోవు. ఛాయాచిత్రము మాసి మనిషి ఆనవాలు పట్టరానివైనచో మాత్రము క్రొత్త కార్డు తీసికొనుటయే మేలు. 2021నుండి ఓటరు కార్డు సెల్ ఫోనులోనికి దింపుకొను వీలున్నను, పొలిమేరలో ఫోనును నమ్ముకొనవద్దని మా సలహా. చార్జింగు అయిపోయిన ఫోను ఎవరికిని సాక్ష్యము చెప్పదు. అసలు కార్డు జేబులో, నకళ్లు సంచిలో, మఱియొక నకలు ఇంటిలో నుండవలెను.

పాసుపోర్టు తీయించుటకు ఒకప్పుడు సికింద్రాబాదు వఱకు పోయి పడిగాపులు పడవలసియుండెను. నేడు కరీంనగరమునను నిజామాబాదునను కేంద్రములున్నవి. పదియేండ్లు చెల్లు పుస్తకమునకు రుసుము 1,500 రూపాయలు. యాత్రకు ముప్పదివేలు వెచ్చింపగలవారు దీనికి వెనుదీయుట మాకు వింతగా దోచుచున్నది. కాని అందఱును అట్టివారు గారు. గ్రామములలో ఓటరు కార్డే ఆధారము. అదియును లేనివారిని లెక్కింపుడు: పెండ్లియై అత్తవారింటికి వచ్చి జాబితాలో చేరని స్త్రీలు, సూరతు, భివండీ, ముంబయినుండి మరలివచ్చిన నేతవారు, పదునెనిమిది దాటియు పేరు వ్రాయించుకొనని యువకులు. ఎన్నికలప్పుడు వీరి యింటింటికి దిరుగు పార్టీలవారు, తక్కిన నాలుగున్నరయేండ్లు ఎక్కడ నుందురు?

యాత్రాబస్సుల గుత్తదారులపై మాకు గల ఫిర్యాదు చిన్నది గాదు. భోజనములో నిడ్లీయా ఉప్మాయా యని కరపత్రములో నచ్చువేయు వారికి, ఏ కార్డు తేవలెనో ఒక పంక్తి అచ్చువేయుటకు సిరా చాలదా? జిల్లా రవాణా అధికారులు దూరయాత్రలకు బస్సులకు అనుమతులిచ్చునప్పుడు, నేపాళము పోవు ప్రతి యాత్రికుని పత్రమును బయలుదేఱకముందే పరీక్షింపవలెనను షరతును విధింపవచ్చును. దేవాదాయశాఖవారు వేములవాడ, ధర్మపురి, కొండగట్టు, కాళేశ్వరము దేవస్థానములలో ఈ నియమములను తెలుగులో బలకలపై వ్రాయింపవచ్చును. యాత్రలు చేయువారు మొదట పోవునది ఆ గుడులకే గదా. పోస్టాఫీసులోను మీసేవ కేంద్రములోను ఆధారు దిద్దించుకొనుటకు వచ్చినవానికి, ఇది దేశపు పొలిమేర దాటదని ఒక్క మాట చెప్పుట ఖర్చులేని పని. ఇవి యేవియు గొప్ప కోరికలు గావు.

మేము పైన జెప్పిన యక్కచెల్లెండ్రలో చిన్నామె తన పేరును భివండీనుండి మార్పించుకొనుటకు ఎన్నికల కచేరిలో ఎనిమిదవ నెంబరు ఫారము దాఖలు చేసినది. బూతు అధికారి వచ్చి యిల్లు చూచిపోయినాడు. కార్డు తపాలాలో రావలసియున్నది. పెద్దామె తన ఓటరు కార్డును పెట్టె యడుగునుండి తీసి, ఆధారుతో గలిపి చిన్న సంచిలో గుట్టి యుంచుకొన్నది. మాఘమాసములో మరల బయలుదేఱుదురట.